పచ్చికమీది అయిదు ఆటలు



ఈ మాసము ఊరగాయలు గాని వ్రతకథలు గాని కాక, ఒక బంతియాటను గూర్చి వ్రాయ దలచితిని. ఆడువారి పత్రికలో ఆటలకేమి పని యని కొందరు పెద్దలు నొసలు చిట్లింతురేమో. దండి మహాకవి తన దశకుమారచరితమున కందుకవతి యను రాజకుమారి దేవీసన్నిధిని బంతి నాడుటను ఎంత మురిపెముగా వర్ణించెనో చదివినవారు ఎరుగుదురు. ఆ కావ్యమును కేతన తెనుగున వ్రాసి అభినవదండి యనిపించుకొనెను. కనుక స్త్రీలు బంతి నాడుట మన వాఙ్మయమునకు క్రొత్త గాదు. కావ్యములో నున్నంతసేపు మెచ్చుకొని, వీథిలోనికి వచ్చినప్పుడే మనము సంకోచింతుము.

నేను చెప్పబోవునది 2015వ సంవత్సరము జూలై 11వ తేది శనివారము నాడు లండను నగరమందలి వింబుల్డన్‌లో జరిగిన స్త్రీల జంటల తుదిపోటీ. మన హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా, స్విట్జర్లాండు దేశపు మార్టినా హింగిస్ ఒక వైపు. రష్యా దేశపు యెకతెరీనా మకరోవా, ఎలెనా వెస్నీనా రెండవ వైపు. నేటికి పది వత్సరములు గడచినవి. నాడు మా ములుగు వరంగల్లు జిల్లాలో నొక భాగము. ఇప్పుడు వేరు జిల్లా యైనది. ఇన్ని మారినను, బతుకమ్మకు తంగేడుపూలు గునుగుపూలు విడదీయుచు మా యరుగుమీద నలుగురము కూర్చున్నప్పుడు ఎవరైన ఆ రాత్రి మాట యెత్తిన చాలు, చేతిలోని పువ్వు చేతిలోనే యుండిపోవును.

చిత్ర మేమన, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి జ్ఞాపకము. ఎదురింటి కోడలికి ఆటస్థలముపై కప్పు మూసుకొనుటయే గుర్తు. పుట్టింటికి వచ్చిన మా మరదలికి హింగిస్ నెట్టు దగ్గర వంగి నిలిచిన భంగిమ గుర్తు. రామప్పగుడి నల్లరాతి మదనికలలో నొకతె దిగివచ్చి రాకెట్టు పట్టినట్లుండెనని ఆమె మాట. తుద కందరును చేరునది ఒక తగవు కడకే. మరదలే మొదలు పెట్టును: "వదినా, గా హింగిస్ లేకపోతే మన పిల్ల గెలుస్తుండెనా?" ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును సావకాశముగా వ్రాయవలెనని చాలనాళ్లుగా అనుకొనుచున్నాను. ఆట తెలిసినవారు నడుమ నడుమ నే చేయు వివరణములను ఓర్చుకొందురు గాక.

ముందుగా నేల సంగతి. టెన్నిసు ఆడు మహాపోటీలు ఏటికి నాలుగు. ఫ్రాన్సులో ఎర్రమట్టిపై ఆడుదురు. ఆస్ట్రేలియా, అమెరికాలలో గట్టిగా పూతపూసిన నేలపై ఆడుదురు. వింబుల్డన్‌లో మాత్రము 1877లో పోటీలు మొదలిడిన నాటినుండి నేటివరకు పచ్చికయే. ఆ గడ్డిని సరిగా ఎనిమిది మిల్లీమీటర్ల యెత్తున కత్తిరింతురు. మన చిటికెనవ్రేలి గోరంత అనుకొనుడు. 2001 నుండి అంతయు రై అను జాతి గడ్డియే వేయుచున్నారు. మట్టిపై పడిన బంతి పైకి లేచి, ఆడువారికి ఒక్క క్షణము ఆలోచించుకొను వ్యవధి నిచ్చును. పచ్చిక ఆ దయ చూపదు. బంతి పడి, లేచియు లేవక జారిపోవును. మోకాళ్లు వంచినవారికే అందును. పోటీలు రెండువారములు జరుగును గనుక, తుదినాళ్లకు వెనుకగీత దగ్గర గడ్డి యంతయు అరిగి మన్ను బయటపడును.

మన పిల్ల నేర్చిన నేల ఇది గాదు. తాను ఆట మొదలిడిన నాళ్లలో పేడతో అలికిన నేలపై ఆడితినని సానియా పలుమారులు చెప్పియున్నది. ఈ మాట విని పట్టణపువారు నవ్విరేమో కాని, మా యరుగుమీద నెవరును నవ్వలేదు. వాకిట సానుపు చల్లువారము, కళ్లము చేయునపుడు పేడ యెందుకు అలుకుదురో ఎరిగినవారము. దుమ్ము లేవకుండుటకు, నేల పగులకుండుటకు, గింజ మట్టిలో కలియకుండుటకు. గింజకైనను బంతికైనను కావలసినది గట్టిగా, చదునుగా నున్న నేలయే కదా. అలుకు తడిగా నున్న కాలు జారును, మరీ యెండిన పెచ్చులు లేచును. అట్టి నేలపై బంతి ఎటు లేచునో ముందుగా తెలియదు గనుక, దానిని చూచి చూచి పిల్ల కన్ను ఎంత చురుకుదేరి యుండునో మనమే ఊహించుకొనవచ్చును.

సానియా 1986 నవంబరు 15వ తేదిన బొంబాయిలో పుట్టి, హైదరాబాదులో పెరిగెను. ఆరేండ్ల ప్రాయమున ఆట నేర్పుమని తీసికొనిపోగా, పిల్ల మరీ చిన్నది, నేర్పనని గురువు చెప్పెనట. నెల తిరిగిన పిమ్మట ఆయనయే తలిదండ్రులకు కబురుపెట్టి, ఈ వయసున నింత బాగుగా ఆడు పిల్లను చూడలేదు, వచ్చి చూడుడని పిలిచెనట. తల్లులము ఈ రెండవ మాటను కథగా చెప్పుకొందుము. నా మనసు మాత్రము మొదటి మాట దగ్గరనే ఆగును. ఒక్క "వద్దు" వినగానే పిల్లను ఇంటికి మరల్చుకొని పోయిన తల్లు లెందరో కదా!

2003లో పదునారేండ్లకు వింబుల్డన్ బాలికల జంటలలో రష్యా బాలిక అలీసా క్లెయ్‌బానోవాతో కూడి గెలిచెను. 2005లో హైదరాబాదులోనే పెద్దల పోటీ గెలిచి, ఆ శ్రేణి ఒంటియాట గెలిచిన మొదటి భారతీయ స్త్రీ యయ్యెను. 2007లో ప్రపంచమున 27వ స్థానమునకు చేరెను. అంతట దేహము మొండికెత్తినది. మోకాళ్లకు శస్త్రచికిత్స, మణికట్టునకు శస్త్రచికిత్స. 2013లో సింగిల్స్ అను ఒంటియాటను మానుకొని, డబుల్స్ అను జంటయాటకే పూనుకొనెను. అది మొదలు లోకులు, పాపము, ఒంటిగా ఆడలేక జంటకు దిగినదని జాలిపడసాగిరి. ఆ జాలిలో కొంత యెగతాళియు లేకపోలేదు.

జంటయాటను లోకము తక్కువచూపు చూచుట వట్టి మాటలలోనే కాదు, లెక్కలలోను కలదు. 2015లో వింబుల్డన్‌లో ఒంటియాట గెలిచినవారికి 18,80,000 పౌండ్లు ఇచ్చిరి. జంటయాట గెలిచినవారికి ఇద్దరికిని కలిపి 3,40,000 పౌండ్లు. 2007 నుండి పురుషులకును స్త్రీలకును సమముగా పారితోషిక మిచ్చుచున్న ఆ వింబుల్డన్‌వారే ఒంటికిని జంటకును నడుమ ఇంత యంతరము నుంచిరి. వేళ యందును అంతే. ఆనాడు మధ్యాహ్నము అదే నేలపై సెరెనా విలియమ్స్ గార్బిన్యె ముగురుజాను ఓడించి కిరీటము గైకొనెను. ఆ సంబరములన్నియు ముగిసి, పురుషుల జంటలును అయిన పిమ్మట గాని మనవారికి చోటు దొరకలేదు. చీకటి పడుట అందువలననే.

మనవారని వ్రాసితిని. హింగిస్‌ను కూడ కలుపుకొనియే వ్రాసితిని. పచ్చికపై నిలిచిన ఆ సాయంకాలము ఆమె మా వీథి ఆడుబిడ్డయే. ఆమె 1980లో నాటి చెకోస్లొవేకియాలో పుట్టినది. తల్లి తాను అభిమానించు మార్టినా నవ్రతిలోవా పేరే బిడ్డకు పెట్టుకొన్నది. 1996లో పదునైదేండ్లకు వింబుల్డన్ జంటలు, 1997లో పదునారేండ్లకు ఒంటియాట, 1998లో మరల జంటలు గెలిచెను. పిమ్మట గాయములు, ఆట మానుట, మరల వచ్చుట, మరల మానుట. 2013లో తిరిగి వచ్చెను. 2015 నాటికి ఆమెకు ముప్పది నాలుగేండ్లు. వింబుల్డన్‌లో గెలిచి పదునేడేండ్లు. సానియాకు ఇరువది యెనిమిది. ఆ యేడు మార్చిలోనే ఇరువురును జంట కట్టిరి. కట్టిన వెంటనే అమెరికాలో వరుసగా మూడు పోటీలు గెలిచిరి. ఏప్రిలు నెలలో సానియా జంటయాటలో ప్రపంచమున ప్రథమస్థాన మందుకొనెను. ఆ మూడింటిలో మొదటి రెండు తుదిపోటీలలోను ఓడినవారు ఈ రష్యావారే. కనుక వింబుల్డన్‌లో వారు వట్టి చేతులతో వచ్చినవారు గారు, బాకీ తీర్చుకొన వచ్చినవారు.

ఇంకొక ముడి కలదు. ఎదుట నిలిచిన వెస్నీనా 2011లో సానియాకు జంటయే. ఇరువురును కలిసి ఆ యేడు ఫ్రాన్సులో తుదిపోటీ దాక పోయిరి. కొంతకాలము ఒక యింట మెలగిన తోడికోడండ్రు వేరుపడి, ఎదురెదురుగా నిలిచినట్లు ఊహించుకొనుడు. ఒకరి బలహీనతలు ఒకరికి తెలియును. ఇక మకరోవా ఎడమచేతి వాటము. ఆమె కొట్టు బంతి వంపు వేరు.

లెక్క తెలియని సోదరీమణులకు రెండు మాటలు. ఒక ఆటలో పాయింట్లు పదునైదు, ముప్పది, నలువది అని లెక్కింతురు. ఆరు ఆటలు ముందుగా గెలిచినవారిది సెట్టు. కాని రెండు ఆటల యంతర ముండవలెను. ఆరు-ఆరు అయినచో టైబ్రేకరు అను ప్రత్యేకమైన ఆట ఆడుదురు. మూడు సెట్లలో రెండు గెలిచినవారిది పోటీ. బంతిని మొదట కొట్టుటను సర్వు అందురు. సర్వు చేయువారిదే సాధారణముగా ఆ ఆట. ఎదుటివారి సర్వులో ఆట గెలుచుట కష్టము. పచ్చికపై బంతి వేగముగా జారును గనుక మరింత కష్టము.

మొదటి సెట్టు 7-5గా రష్యావారు గెలిచిరి. రెండవ సెట్టు ఆరు-ఆరు దాక పోయి, టైబ్రేకరులో 7-4గా మనవారికి వచ్చినది. మూడవ సెట్టులో రష్యావారు 5-2 చేసిరి. ఇంకొక్క ఆట గెలిచిన చాలును, కప్పు వారిది.

మనకప్పుడు అర్ధరాత్రి దాటినది. మా వారు పొద్దుననే లేచువారగుటచే, "ఇక అయిపోయినది, దీప మార్పుము" అని లోపలికి పోయిరి. మా అత్తగారు మాత్రము మాల త్రిప్పుచు అట్లే కూర్చుండిరి. ఆమెకు లెక్క తెలియదు. ఎవరి మొగము వాడినదో చూచి ఆట చెప్పగలరు. "బిడ్డా, మనోళ్ల మొగాలు వాడలేదే" అనిరి. నిజమే. 5-2 వద్ద ఆ యిరువురిని చూచినవారు, వారే ముందున్నారని భ్రమపడవచ్చును. పాయింటు పోయినను వచ్చినను దగ్గరకు వచ్చి ఒకరి చేయి ఒకరు తాకుట, నోటికి అరచేయి అడ్డుపెట్టుకొని ఏదో చెప్పుకొనుట, తిరిగి తమ తమ చోట్లకు పోవుట.

5-3 అయినది. 5-4 అయినది. 5-5 అయినది. అంతలో వెలుతురు చాలదని ఆట నిలిపి, పైకప్పు మూయసాగిరి. నడుమ తెరచుకొని మూసుకొను ఆ కప్పును 2009లో అమర్చిరి. అది మెల్లమెల్లగా పాకుచుండగా, మా యింట ఎవరును మాటాడలేదు. ఎదురింటివారి కిటికీలోను వెలుగున్నది, వారును మేలుకొనియున్నారని ఆ వెలుగే చెప్పినది. గాలివానకు కరెంటు పోవునేమో యని నాకు గుండె దడ. ఆట జరుగునప్పటి కంటె ఆ నిరీక్షణమే నాకు కష్టముగా తోచినది. ఊపు మీద నున్నవారిని ఆపి కూర్చుండబెట్టుట కంటె కీడు లేదు. వేడి చల్లారిన చేయి మరల సాగవలెను గదా. కప్పు మూసినది, దీపములు వెలిగినవి. రెండే ఆటలు. రెండును మనవారివే. 5-7, 7-6, 7-5. 5-2 నుండి వరుసగా అయిదు ఆటలు. పెద్దల స్త్రీల జంటలలో మహాపోటీ గెలిచిన మొదటి భారతీయ స్త్రీ సానియాయే. మరునాడు హింగిస్ మన లియాండర్ పేస్‌తో కూడి మిశ్రజంటల కప్పు కూడ గైకొనెను.

ఇప్పుడు మరదలి తగవునకు వత్తును. హింగిస్ గొప్పతనమును నేను కాదనుట లేదు. నెట్టు దగ్గర ఆమెకు మించిన తెలివిగలవారు ఆ కాలమున అరుదు. బంతి యెక్కడికి వచ్చునో అది బయలుదేరక మునుపే ఆమె కాళ్లకు తెలియునట్లుండును. సానియా బలము వెనుకనుండి కొట్టు ముంజేతి దెబ్బ. దానిని ఫోర్‌హ్యాండ్ అందురు. ఒకరు ఇల్లు కట్టిరి, మరొకరు సున్నము కొట్టిరి అనుట కుదురదు. వెనుకనుండి వచ్చు ఆ దెబ్బకు తడబడి ఎదుటివారు బలహీనముగా తిప్పిన బంతియే హింగిస్ ముందు పడును. హింగిస్ నడుమ నిలిచియున్నదను భయముచే ఎదుటివారు దూరదూరముగా కొట్టబోయినదే సానియా చేతికి దొరకును.

ఇంత చెప్పినను మరదలు ఒప్పుకొనలేదు. అప్పుడు నేను తంగేడుపూలు నాలుగు వరుసగా పెట్టి లెక్క చూపితిని. జంటయాటలో సర్వు చేయు వంతు నలుగురికిని వరుసగా వచ్చును. ఒక ఆట ఈ జంటలో ఒకరు, తరువాతి ఆట ఆ జంటలో ఒకరు, మూడవది ఈ జంటలోని రెండవవారు, నాలుగవది ఆ జంటలోని రెండవవారు. అయిదు ఆటలు వరుసగా గెలిచిరన్న, వానిలో రెండైనను మనవారు సర్వు చేసినవి యుండును. అందు ఒకటి హింగిస్‌ది, ఒకటి సానియాది కాక తప్పదు. రెండైనను ఎదుటివారు సర్వు చేసినవి యుండును. ఆ సర్వును తిప్పికొట్టు వంతు పాయింటు పాయింటునకు మారును. ఒకటి హింగిస్‌కు వచ్చిన, మరునది సానియాకు. ఒకరు ఆడి ఒకరు చూచిన, ఈ ఆటలో ఒక్క ఆట గెలుచుటయే దుర్లభము, అయిదు మాట యెక్కడిది?

"లెక్కలు నీవా, అన్నవా?" అని మరదలు నవ్వినది. లెక్కలు మా వారు చెప్పునవే, తంగేడుపూలు నావి. కాని తగవును తీర్చినది నా లెక్క కాదు, మా అత్తగారు. ఆమె భాగవతము నిత్యపారాయణము చేయునామె. "నరకాసురుని మీదికి సత్యభామ విల్లెత్తిన్నాడు కిష్టమూర్తి పక్కనే ఉన్నడు కదా. అయితే సత్య యుద్ధం చెయ్యలేదంటరా?" అని యడిగిరి. ఆ పైన నెవరును మాటాడలేదు.

ఈ సందర్భమున పూర్వులను తలచుకొనక పోయిన కృతఘ్నత యగును. వింబుల్డన్‌లో స్త్రీలకు పోటీ పెట్టినది 1884లో. ఆ మొదటి తుదిపోటీలో మాడ్ వాట్సన్ తన సొంత అక్క లిలియన్‌ను ఓడించెను. మడమల దాక దిగిన తెల్లని పావడాలతో ఆ యక్కచెల్లెండ్రు పచ్చికపై నెట్లు పరుగెత్తిరో! 1934లో లీలా రావు అక్కడ ఒక పోటీ గెలిచిన మొదటి భారతీయ స్త్రీ. ఆమె తల్లి పండిత క్షమారావు. సత్యాగ్రహగీత వ్రాసిన సంస్కృత కవయిత్రి, తానును టెన్నిసు ఆడునదియే. అనుష్టుప్పును రాకెట్టును ఒకే చేత పట్టిన ఆ తల్లిని మన పాఠ్యపుస్తకములు ఏల తలచవో తెలియదు. పురుషులలో మన హైదరాబాదు సయ్యద్ మహమ్మద్ హాదీ 1924లో ప్యారిస్ ఒలింపిక్సులో టెన్నిసు ఆడెను. ఏడు ఆటలలో ఆరితేరినవాడని ఆయనను రెయిన్‌బో హాదీ యనిరి.

తెల్లని వస్త్రముల మాట వచ్చినది గనుక ఒక్క మాట. వింబుల్డన్‌లో నేటికిని ఆడువారందరును తెల్లని బట్టలే కట్టవలెను. నెలసరి దినములలో ఆ తెలుపు స్త్రీలకెంతటి దిగులో మనకు వేరే చెప్ప నక్కరలేదు. లోపల ముదురురంగు వస్త్రము ధరింపవచ్చునని స్త్రీలకు అనుమతి నిచ్చినది 2023లో. 1884 నుండి లెక్కించుకొనుడు. సానియా వింబుల్డన్ ఆటలన్నియు అప్పటికే ముగిసిపోయినవి. ఆమె అక్కడ కడపట ఆడినది 2022లో. ఆమె బట్టలను గూర్చి 2005లో ఎందరో ఎన్నో అనిరి. ఆమె ఎట్లు కట్టవలెనో చెప్పినవారే గాని, ఎట్లు కట్టిన హాయిగా పరుగెత్తగలదో యడిగిన వారు లేరు. 2016లో, ప్రపంచమున ప్రథమస్థానమున నుండగానే, ఇక సంసారములో ఎప్పుడు కుదురుకొందువని ఒక పేరుమోసిన పాత్రికేయుడు దూరదర్శనములో అడిగెను. ఇంత గెలిచినను కుదురుకొన్నట్లు కనబడుట లేదా యని యామె తిప్పికొట్టగా, ఆయన అక్కడనే క్షమాపణ చెప్పుకొనెను. అట్లు చెప్పుకొనుట ఆయన మంచితనమే. ఆ ప్రశ్నను మన యిండ్లలో నిత్యము అడుగువారెవరును చెప్పుకొన్నట్లు నే వినలేదు.

క్రిందటి యేడు మా వీథిలో నొక తల్లి కన్నీళ్లతో నా యొద్దకు వచ్చినది. ఆమె కూతురు ఇంటరు మొదటి సంవత్సరము. బాల్ బ్యాడ్మింటన్ ఆడును. ఊలుబంతితో ఆడు ఈ ఆట మన పల్లెలకు క్రొత్త గాదు గదా. ఆ పిల్లయు నింకొక పిల్లయు జంటగా ఆడి పై పోటీకి పోవలసిన చోట ఓడి వచ్చిరి. నాటినుండి ఇరువురకు మాటలు లేవు. నీ వలన పోయినదని ఈమె, నీ వలన పోయినదని ఆమె. "ఆట వద్దక్కా, చదువుకుంటది. ఓడితే ఎవరిదో తప్పు, గెలిస్తే ఎవరిదో పేరు, గా జంటాట మనకెందుకు?" అని ఆ తల్లి. ఆమె కోపము ఆటపై కాదు, కూతురు రాత్రులు నిద్రపోక ఏడ్చుటపై. నేను మారు చెప్పక, పిల్లలిరువురిని ఆదివారము మా యింటికి పంపుమంటిని. ఆ మూడవ సెట్టు 5-2 నుండి ఫోనులో పెట్టి చూపితిని.

మొదట ఇరువురును చెరియొక మూల కూర్చుండిరి. కొంతసేపటికి ఫోను చిన్నదగుటచే దగ్గరకు జరుగక తప్పలేదు. ఒక పాయింటు పోయినది. హింగిస్ సానియా చేతులు తాకిరి. "చిన్నమ్మా, పోయినప్పుడు గూడ చెయ్యి కలుపుతరేంది?" అని మా వీథి పిల్ల యడిగినది. నేను సమాధానము చెప్పలేదు, తెలియక కాదు. రెండవ పిల్ల, "తరువాతి బంతి ఎక్కడ కొట్టాలో చెప్పుకుంటున్నరే" అనినది. నెల దినములకు ఆ యిరువురి నడుమ నడచిన మొదటి మాట అదియే యట. పిమ్మట తల్లి చెప్పగా వింటిని. ఆ తల్లి యింకను ఆటకు పూర్తిగా సమ్మతించలేదు. పరీక్షలు కానిమ్మనినది. అది న్యాయమే.

హింగిస్ సానియాల జంట ఆ వింబుల్డన్ తరువాత అదే యేడు సెప్టెంబరులో అమెరికాలోను, 2016 జనవరిలో ఆస్ట్రేలియాలోను గెలిచినది. నడుమ వరుసగా నలువదియొక్క పోటీలు ఓటమి యెరుగక ఆడిరి. 2016 ఆగస్టులో వేరుపడిరి. సానియా 2018లో తల్లి యయ్యెను. 2020 జనవరిలో మరల బరిలోనికి దిగి, ఆడిన మొదటి పోటీనే ఉక్రెయిన్ క్రీడాకారిణి నదియా కిచెనోక్‌తో కూడి గెలిచెను. 2023 ఫిబ్రవరిలో ఆట చాలించెను. మార్చి 5వ తేదిన హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో తనవారి నడుమ వీడ్కోలు ఆట ఆడెను. మా యెదురింటి కోడలు ఆనాడు పోయి చూచి వచ్చినది. ఆమెకు అందులోను గుర్తున్నది స్టేడియముపై కప్పు లేకపోవుటయే.

ఆ ఆదివారము అయిదు ఆటలును ముగియగానే ఫోను కట్టివేయబోతిని. పిల్లలిరువురును వలదనిరి. నాలుగవ ఆటను మొదటినుండి పెట్టుమనిరి. ఈమారు బంతిని గాక, బంతి చేతిలేని ఆమె ఎక్కడ నిలిచినదో చూతుమనిరి.